పిగిలిపిట్ట పిల్లలు ఎగరలేదు, అత్తమ్మా

అత్తమ్మా, ఎట్లా ఉన్నావు... అలవాటు కొద్దీ అడిగేశాను. నువ్వు వెళ్లి ఎనిమిది నెలలు నిండాయి.

కోదాడలో ఎండ అప్పుడే ముదిరింది. పెరట్లో మామిడి పూత రాలి పిందెలు పడ్డాయి. పొద్దున్నే కరివేపాకు చెట్టు మీద రెండు ఉడుతలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. నువ్వు ఎప్పుడూ తిట్టే జెముడుకాకి గోడ వెంబడి తీరిగ్గా నడిచిపోతోంది.

ఇవన్నీ ఇప్పుడు చూస్తున్నాను. నువ్వున్నప్పుడు చూడలేదు. వెనక తలుపు దగ్గర కుర్చీ వేసుకుని పిలిచేదానివి. "జర ఇటు రా బిడ్డా, తేనెపిట్ట మందారపువ్వుల మూతి పెట్టింది, సూడు." పొద్దున పిలిస్తే నాకు స్కూలుకు టైమయ్యేది. సాయంత్రం పిలిస్తే వంట. ఆదివారమైతే వారం బట్టలు... నువ్వు అడిగింది రెండు నిమిషాలే కదా?

మోతెలో చేలగట్ల మీద పెరిగినదానివి. కూత వింటే చాలు, పిట్ట పేరు చెప్పేదానివి. నాకు నాలుగు పేర్లు కూడా రావు.

సరే... రాయాల్సింది ఇది కాదు.

పోయినేడు ఉగాదికి ముందు మన రాధామనోహరం తీగలో పిగిలిపిట్ట గూడు పెట్టింది. కళ్లు మసకేసినా ముందు కనిపెట్టింది నువ్వే. "గుడ్లు పగిలినయ్, పిల్లల సప్పుడు ఇనబడ్తున్నది" అన్నావు. ఆ మర్నాడే కంటి ఆపరేషన్‌కని మీ అబ్బాయి నిన్ను సూర్యాపేట దవాఖానకు తీసుకెళ్లాడు. ఆటో ఎక్కుతూ కూడా అదే మాట. "ఆ తీగ జోలికి పోకుండ్రి. పిల్లలు ఎగిరినంక మీ ఇష్టం."

నీ మనవరాలు హారిక ఓణీల ఫంక్షన్‌కు ఇంకో వారమే ఉంది. గోడలకు రంగులు, పెరట్లో టెంటు. రంగులేసే అతను తీగ అడ్డమన్నాడు. కొట్టెయ్యమన్నాను. గూడు సంగతి మర్చిపోయానని చెప్పను, గుర్తుంది. ఆ ఒక్క కొమ్మ వదిలేయమని చెబుదామనుకునేలోపు టెంటువాళ్ల ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చేసరికి తీగంతా నేల మీద ఉంది.

రెండు పిల్లలు, అత్తమ్మా. ఒంటి మీద ఈక లేదు. అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి గోడ మీద పెట్టాను. తల్లి పొద్దుగూకే దాకా ఆ బోడి గోడ చుట్టూ అరుస్తూ తిరిగింది. పెట్టె దగ్గరికి మాత్రం రాలేదు. తెల్లారేసరికి రెండూ కదలడం లేదు. కరివేపాకు చెట్టు కింద పూడ్చాను.

మూడో రోజు నల్ల కళ్లద్దాలతో వచ్చావు. మంచినీళ్లు కూడా తాగకముందే అడిగావు. ఎగిరిపోయాకే కొట్టించామని చెప్పాను. "ఎట్ల ఎగిరినయే? నువ్వు సూసినవా?" చూశానన్నాను. ఒకటి గోడ మీద వాలి, అక్కణ్నుంచి బట్టల తీగ మీదికి పోయిందని, రెండోది భయపడితే తల్లి పిలిచిందని... నోటికొచ్చింది చెప్పాను. నువ్వు నవ్వావు. "నువ్వు సూస్తివి గదా, చాలు."

తర్వాత ఎన్నిసార్లు చెప్పించుకున్నావు! తలకు నూనె పెడుతుంటే అడిగేదానివి. అన్నం తింటూ అడిగేదానివి. "మల్లొక్కపారి చెప్పవే." చెప్పిన ప్రతిసారీ ఇంకో అబద్ధం కలిపాను. ఒకసారి కాకి వచ్చిందని, తల్లి దాన్ని తరిమిందని కూడా చెప్పాను. నువ్వు కళ్లు మూసుకుని వినేదానివి.

వానాకాలంలో నీకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు... అంతే.

పోయిన ఆదివారం మిర్యాలగూడ నుంచి వదిన వచ్చింది. వెనక తలుపు దగ్గర కూర్చుని టీ తాగుతూ నీ కూతురు ఒక మాట చెప్పింది. ఫంక్షన్ అయిన వారానికే నువ్వు ఫోన్‌లో తనతో అన్నావట. "ఈకలు రాని పిల్లలు మూడు దినాలల్ల ఎట్ల ఎగురుతయే? సచ్చిపోయుంటయ్. దాన్ని అడగకు. పనిల పడి చేసింది, లోపల ఏడుస్తనే ఉంటది."



నీకు తెలుసా అత్తమ్మా? ఆ మొదటి రోజే తెలుసా?

మరి మళ్లీ మళ్లీ ఎందుకు చెప్పించుకున్నావు? ఈసారైనా నిజం చెబుతానని ఎదురుచూశావా? లేక ఆ కథైనా బాగుందని విన్నావా... అంతమంది ఉన్న ఇంట్లో ఆ బాధ ఒక్కదానివే మోశావు. ఒక్కసారి తిట్టి ఉంటే నీ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఎవరి దగ్గర కూర్చోను?

నిన్న హారికకు అంతా చెప్పాను. తను విని లోపలికి వెళ్లి, కాసేపటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

తీగ మొదలు నుంచి మళ్లీ చిగురేసి నడుమెత్తు పెరిగింది. పిగిలిపిట్టల జంట రెండుసార్లు వచ్చింది. ఒకటి ముక్కున నారపోగు పట్టుకుని తీగలో దూరితే ఊపిరి బిగబట్టి చూశాను. కాసేపటికి ఆ పోగుతోనే బయటికొచ్చి పక్కింటి దానిమ్మ వైపు వెళ్లిపోయింది. స్కూలుకు ఆలస్యమైంది ఆ రోజు.

మన పెరట్లో ఈ ఏడు గూడు లేదత్తమ్మా. ఉందని రాస్తే నీకు సంతోషమేమో అనిపించింది... రాయను. ఇకనుంచి చూసిందే చెబుతాను, చూడనిది చెప్పను.

నీ కోడలు,
సునీత