పంపు వచ్చేదాకా

అక్కా,

ఆదివారం శివ పుట్టువెంట్రుకలకు రాలేను. మొదటి కత్తెర వేయాల్సిన మేనమామను నేనే, అయినా రాలేను.

నేను నడుపుతుండగా మా సారు స్పోర్ట్స్ కారు మాదాపూర్‌లో పొగలు కక్కి ఆగింది. ఇంజన్‌కు నీళ్లు తిప్పే పంపు పోయింది. కొత్తది జర్మనీ నుంచి రావాలి.

"గీ బండ్ల పంపులు ఎక్కువ రోజులు రావు. నీ తప్పేం లేదు" అన్నాడు లింగంపల్లి మెకానిక్. బతికిపోయాననుకున్నాను. సారు నా భుజం తట్టి, "నిన్ను తప్ప ఎవర్నీ నమ్మలేనయ్యా. పంపు వచ్చేదాకా కారు దగ్గరే ఉండు" అన్నారు. నా లైసెన్సు తన జేబులో పెట్టుకున్నారు.

ఆఫీసు సెల్లార్‌లో కారు పక్కనే పడుకుంటున్నాను.

శివకు ఏడాది నిండేలోగా తీయకపోతే మళ్లీ మూడో ఏడే కదా. వేరేవాళ్లతో కత్తెర వేయించకు, అంతదాకా వాడికి జడ వేయి. మూడో ఏట తప్పకుండా వస్తాను, కొత్త పంపు పాడవకుంటే.

నీ తమ్ముడు