మందకు తప్పుకున్న ట్యాంకర్

తమ్ముడు శివకృష్ణకు,

ఫోన్ చేస్తే అవ్వ పక్కనే ఉండి వింటుంది. అందుకే రాస్తున్నాను.

నీ గ్యాస్ ఓడ ఇసుకలో దిగబడిందని తెలిసిన రోజు అవ్వ అన్నం ముట్టలేదు. అడుగున రెండు పొరలుంటాయని, బయటి రేకు చినిగినా లోపలి ట్యాంకుకు ఏమీ కాదని నువ్వు చెప్పాకే తిన్నది. అప్పటి నుంచి "మా శివయ్య ఓడకు రెండు తోళ్లున్నయి" అని ఊరంతా చెప్తోంది.

అదే వారం కొత్తకోట దగ్గర నా గ్యాస్ ట్యాంకర్ కూడా రోడ్డు దిగి చేనులో కూరుకుపోయింది. దానికి ఒకటే తోలు. అయినా గ్యాస్ కొంచెం కూడా కారలేదు. ఇంటికొస్తే అవ్వ ఏమన్నదో తెలుసా? "నువ్వు మంచిగనే ఉన్నవ్ గదా. తమ్ముని ఓడ కదిలిందా?"

నీ ఓడను లాగడానికి నాలుగు పడవలొచ్చాయట. నన్ను మాత్రం పనిలోంచి ఆపారు. "గొర్ల కోసం గ్యాస్ బండిని చేన్ల దింపుతవా?" అని మేనేజర్ నవ్వాడు.

ఆ రోజు మంద ముందు నడిచే గంట పొట్టేలు రోడ్డు దాటింది, గొర్రెపిల్లలు ఇంకా ఇవతలే ఉన్నాయి. దాటే మందను మధ్యలో విడగొట్టొద్దని బాపు మనకు కర్రతో నేర్పాడు. నా చేతులు వాటంతటవే స్టీరింగ్ తిప్పాయి.

వచ్చే నెల విచారణ. నువ్వు ఓడ ఆఫీసర్‌వి, నువ్వు రాస్తే నమ్ముతారు. అడగడం నాకిష్టం లేదు, అయినా అడుగుతున్నాను. బాపు నేర్పింది రాయి. మందను ఎక్కువసార్లు విడగొట్టింది నువ్వే, దెబ్బలూ నీకే ఎక్కువ పడ్డాయి. ఆ ఒక్కదానికే నీ మీద నాకు కుళ్లు లేదు.

నీ అన్న