కవరు కింద పెట్టె

మార్చి 3

నిన్న నా భార్య పోయింది. సాయంత్రం ఐదున్నరకు పంపుల ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. అక్కడ ప్యాకింగ్ సెక్షన్ సూపర్‌వైజర్. కాఫీ తాగింది. కాసేపు నడుం వాలుస్తానంది. ఏడింటికి లేపితే లేవలేదు. గుండె, అన్నాడు డాక్టరు. ముందు ఏ సూచనా లేదని వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. ఉంటే నాకు చెప్పేది. ఇరవై ఆరేళ్లలో నా దగ్గర ఏదీ దాచలేదు.

మార్చి 9

కాలేజీ పేపర్లు దిద్దాను. ఒక్కటీ గుర్తు లేదు.

మార్చి 14

మరదలు ఫోన్ చేసింది. ఏడ్చింది. తర్వాత మొహమాటపడుతూ, అక్క తన కుట్టుమెషిన్ పంపిస్తానంది బావా, ఇప్పుడు అడగొచ్చో లేదో, అంది. ఆ సంగతే నాకు తెలియదు.

గదిలోకి వెళ్లి స్టాండ్ మీది గుడ్డ కవరు తీశాను. మెషిన్ లేదు. దాని చోట అట్టపెట్టె. మీద ఆమె చేతిరాతలో మరదలి అడ్రసు, పై వైపు చూపే బాణాలు, పద్దెనిమిది కిలోలు, జనవరి 19. దాదాపు రెండు నెలలుగా రోజూ దాని పక్క నుంచే నడుస్తున్నాను.

మార్చి 15

పెట్టె కోశాను. నాకేదో రాసి పెట్టి ఉంటుందనుకున్నాను.

పెట్టెలో ఇంకో పెట్టె. మధ్య సందంతా ఫోమ్. చక్రం విప్పి విడిగా చుట్టి ఉంది. మెషిన్‌ను చెక్కకు బోల్టులతో బిగించారు. బోల్టులు కూడా విప్పి చూశాను. ఉత్తరం లేదు.

తిరిగి సర్దితే మూత పడలేదు. ఫోమ్ తీసేసి, పాత దుప్పట్లు కుక్కి, టేప్ వేశాను.

మార్చి 17

పార్సిల్ ఆఫీసు. కౌంటర్‌లో మనిషి పెట్టెను ఒకసారి ఊపాడు. లోపల దభీమని తగిలింది. ఏంటి సార్, లోపల ఎవరైనా కాపురం పెట్టారా, అన్నాడు. పోత ఇనుము పగిలితే అతకదట. వెనక్కి తెచ్చాను.

మార్చి 18

ఫ్యాక్టరీలో ఆమెకు జోడీగా పనిచేసే మనిషి ఇంటికి వచ్చింది. అందరూ బుల్లెట్ అంటారు. అక్క ప్యాకింగ్‌ని ఇలా చీల్చి చెండాడింది ఎవరు బావగారూ, అంది. నేనే అన్నాను. మెషిన్ ఎందుకు పంపాలనుకుందని అడిగాను. ఇక మెషిన్ తొక్కకూడదన్నారు కదా డాక్టరు, అంది.

ఏ డాక్టరు అన్నాను. అప్పుడు నా ముఖం చూసింది.

జనవరిలోనే తెలుసట. గుండెలో వాల్వ్ పాడైందట. ఏప్రిల్‌లో ఆపరేషన్‌కు డేట్ కూడా తీసుకుందట. మా కాలేజీ పరీక్షలయ్యాక నాకు చెప్పి, ఆ తర్వాత పార్సిల్ పంపుతానందట. ఇప్పుడు చెబితే ఆయన అందరికీ సున్నాలు వేస్తారే, అని నవ్విందట. సెక్షన్‌లో పదకొండు మందికి తెలుసు. ఎవరూ ఆమెను బరువు ఎత్తనివ్వలేదట. ఈ పెట్టె కూడా నేను కాలేజీలో ఉన్నప్పుడు వాళ్లే వచ్చి కట్టారు. ఆమె మంచం మీద కూర్చుని, అదిగో ఆ మూల, ఇంకాస్త బిగించండర్రా, అంటూ కట్టించింది.

పదకొండు మంది. ఆమె పోయినప్పుడు అందరూ మా ఇంటికి వచ్చారు. ఏ సూచనా లేదని ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ తలూపారు.

మార్చి 19

బుల్లెట్ చెప్పింది, నేను కట్టాను. ఊపాను. కదల్లేదు.

రేపు పొద్దున తొమ్మిదికి పార్సిల్ ఇచ్చేసి, జనవరిలో ఆమెను చూసిన డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఆమె ఏ కుర్చీలో కూర్చుని ఆ సంగతి విందో అడుగుతాను.