గుండీల ఆటలో మాటలు నావి కావు

రచనా హక్కుల రిజిస్ట్రారు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఫోనులో ఆడే గుండీల ఆట నమోదులో, నియమాల పేజీకి రచయితగా ఉన్న నా పేరు తొలగించి మా మేనత్త పేరు చేర్చుట గురించి.

ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగినైన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా మేనత్త దర్జీ. మా ఆఫీసు వెనక వీధిలో ఆమె కొట్టు. మధ్యాహ్నం నా భోజనం అక్కడే. కుట్టుమిషను పక్కన బల్ల మీద గళ్ళు కుట్టిన గుడ్డ పరిచి, బట్టల కోసం వచ్చి కూర్చున్నవాళ్ళతో ఆమె ఒక ఆట ఆడుతుంది. ఒకరికి రెండు రంధ్రాల గుండీలు, ఇంకొకరికి నాలుగు రంధ్రాలవి. ఎదుటివారి గుండీని రెండు వైపులా మూస్తే అది మనది. అంచు గడికి చేరిన గుండీని ఎవరూ తీయకూడదు. ఆట మధ్యలో కొట్టుకు ఎవరైనా వస్తే, లేచినవారి వంతు పోతుంది. ఇది ఆమె కల్పించిన ఆట. ఎక్కువసార్లు ఓడేదీ ఆమే.

2. దీన్ని ఫోనులోకి తెస్తానని అడిగితే, "చేసుకో నాన్నా, గుండీలకేం కరువా?" అన్నది. చేశాను. మా కంపెనీ తరఫున విడుదలైనా, ప్రోగ్రాములో ప్రతి వరుసా నేనే రాశాను. ఆ భాగంపై నాకు ఏ ఫిర్యాదూ లేదు.

3. నమోదుకు ముందు కంపెనీ లాయరును అడిగాను, ఆట మా అత్తది, తప్పు కాదా అని. ఆయన చెప్పినది యథాతథంగా: "ఆట ఎలా ఆడాలన్నది ఎవరి సొత్తూ కాదండీ. దాన్ని ఏ మాటల్లో చెప్పారో, ఆ మాటలు సొత్తు. మీరు రాసిన ప్రోగ్రాం సొత్తు. గుండీని రెండు వైపులా మూయడానికి హక్కులేమిటి?" నా ప్రాణం కుదుటపడింది. వెంటనే ఆయన, "ఇంతకీ ఈ నియమాల పేజీలో మాటలు ఎవరివి?" అని అడిగారు. "నావే" అన్నాను. సంతకం చేశాను.

4. నావి కావు. అత్త చెబుతుంటే రికార్డు చేసుకుని, ఉన్నదున్నట్టు టైపు చేశాను. "అంచుకు చేరిందా, అది బతికి బట్టకట్టింది, ముట్టుకోకు." "కొట్టుకు మనిషొచ్చాడా, లేచినవాళ్ళ వంతు గోవిందా." ఇలాంటి మాటలు ప్రోగ్రాములు రాసేవాడికి రావు. టైపు చేసింది నేనే కదా అనుకున్నానని రాయబోయాను. అది కూడా నిజం కాదు. ఆ క్షణాన ఏమీ అనుకోలేదు. చట్టం ఊరికే వదిలేసిన దాని గురించి భయపడి అడిగినవాడిని, చట్టం కాపలా కాసే దాని దగ్గర అబద్ధమాడాను.

5. చూపు తగ్గి బట్టలు కుట్టడం తగ్గించాక, అత్త ఈ ఆట గుడ్డలే కుడుతోంది. అవే మాటలు అంచు చుట్టూ దారంతో కుట్టి, గుండీల సంచీతో కలిపి వీధి చివరి బొమ్మల దుకాణంలో అమ్మకానికి ఇస్తుంది. ఆమెకు ఇప్పుడు అదే ఆధారం. మా కంపెనీ ఆ గుడ్డలను చూసి, తన మాటలు కాజేశారంటూ నోటీసు పంపింది. దుకాణదారు సరుకంతా మూటగట్టి ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

6. భోజనానికి వెళితే నోటీసు నా చేతిలో పెట్టింది. అందులో లాయర్ల పేర్లే ఉన్నాయి. మేనల్లుడి మీద ఆమెకు అనుమానం రాదు.

"ఎవరో కంపెనీవాళ్ళటరా. వాళ్ళ మాటలు నేను ఎత్తుకొచ్చానట. వాళ్ళ గుమ్మం కూడా తొక్కలేదు నేను."

పక్క కొట్టు ఇస్త్రీ ఆయన అక్కడే ఉన్నాడు. "కాస్త నోరు అదుపులో పెట్టుకో అక్కా అని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను? ఇదిగో, నీ నోటికి నోటీసొచ్చింది."

ఆమె నవ్వింది. తర్వాత నాతో, "నువ్వూ ఆ కంప్యూటర్ల వాడివే కదా, ఓ మాట అడిగిపెట్టు. ఎందుకొచ్చిన గొడవ, ఈలోగా దారం విప్పేస్తాను" అన్నది.

"అడుగుతాను అత్తా" అన్నాను. ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

7. మా మేనేజరుకు చెప్పాను. "సంతకం నీది. ఇప్పుడు కాదంటే తప్పుడు ప్రకటన ఇచ్చినవాడివి నువ్వే అవుతావు. ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను. అవుతాను.

కావున తమరు ప్రోగ్రాము నమోదును అలాగే ఉంచి, నియమాల పేజీ వరకు రచయిత పేరు సవరించి, ఆ సవరణ ప్రతిని బొమ్మల దుకాణంలో చూపుకునేందుకు ఆమెకు ఇప్పించవలెనని ప్రార్థన. ఆమె దారం విప్పడం మొదలుపెట్టినందున త్వరగా ఇప్పించగలరు. ఇక ఆట తీసుకున్నందుకు నాకు వర్తించే సెక్షను ఏదీ లేదని లాయరు చెప్పారు. తమరు మరొకసారి వెతికి చూడగలరు.

ఈ అర్జీని, దీనికి ముందు నేను సంతకం చేసిన దరఖాస్తును పక్కపక్కన పెట్టుకుని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నియమాల పేజీకి రచయితనని చెప్పుకున్నవాడు

తా.క.: పంపే ముందు దీన్ని అత్తకు చదివి వినిపించాను. చేతిలో కత్తెర ఆగింది. తర్వాత అడిగింది:

"ఫోనులో కొట్టుకు మనిషెలా వస్తాడురా?"

"గంట మోగుతుంది అత్తా. ఎవరికి మోగితే వాళ్ళ వంతు పోతుంది."

"ఎవరికైనా మోగుతుందా?"

"ఎవరికైనా."

"అయితే నా ఆట నువ్వు తీసుకోనేలేదు. కొట్టు ఎవరిదో వాళ్ళే కదరా లేవాల్సింది."

మాటల సంగతి ఎత్తలేదు. ఇంతలో ఎవరో బట్టలకు వచ్చారు. లేచి వెళ్ళింది.

దారం ఇంకా విప్పని గుడ్డ ఒకటి, గుండీల సంచీ ఒకటి దీనితో జతపరుస్తున్నాను. "ఆఫీసరుగారిని ఓ ఆట ఆడి చూడమను" అన్నది. తమ గదిలో ఆడినప్పుడు, గుమ్మంలోకి అర్జీతో ఎవరు వచ్చినా, పోయే వంతు తమరిదే.