జగ్గయ్య గాలి పెత్తనం

భిలాయి, సెక్టర్ 7.
టౌన్‌షిప్ సంక్షేమాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: క్యాంప్ 2 నివాసి జగ్గయ్య ప్రతి ఆదివారం మా సెక్టర్ కమ్యూనిటీ హాలులో నడుపుచున్న గురక రోగుల సభను తక్షణం నిలుపుదల చేయించుట గురించి.

పై విషయమై, ఉక్కు ప్లాంటులో కొలిమికి గాలి అందించే బ్లోయర్ విభాగంలో చార్జిమన్‌గా రిటైరైన నరసింగరావు అను నేను విన్నవించుకొనునది: తమరు పార్వతీపురం వైపు వారని విని తెలుగులోనే రాయుచున్నాను. హిందీలో నాకు సెలవు చీటీ రాయడం వచ్చును గాని కోపం రాయడం రాదు.

1. సదరు జగ్గయ్యకు, నాకు ఒకటే జబ్బు. నిద్రలో ఊపిరి ఆగిపోతుంది. స్లీప్ ఆప్నియా అంటారు. ఇద్దరికీ ముక్కుకు మాస్కు తగిలించి గాలి కొట్టే మిషను ఇచ్చారు. జబ్బు సమానమైనప్పుడు పేరు అతనొక్కడికే రావడం ఏ న్యాయమో తమరే సెలవీయవలెను. మాస్కు కుదరక మిషను అటకెక్కించినవారంతా ఇప్పుడు అతని చుట్టూ చేరుతున్నారు. వీరు తమ మాస్కులు తామే సరిచేసుకుంటారు. రాత్రి ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో మిషను ఫోనుకు పంపే లెక్క తామే చదువుకుంటారు. డాక్టరుగారి దగ్గరికి ప్రశ్నలు సిద్ధం చేసుకుని మరీ వెళ్తారు. ఆయన మొన్న జగ్గయ్యకు కుర్చీ వేయించి, "జగ్గయ్యజీ, ఆప్ బతాయియే", అనగా తమరే చెప్పండి, అన్నారట. నా సర్వీసు మొత్తంలో నన్ను ఏ ఆఫీసరూ 'జీ' అనలేదు.

2. ఈ జగ్గయ్య నా కింద పనిచేసినవాడు. గాలి గొట్టంలో లీకు ఎక్కడుందో సబ్బునురగ పూసి పట్టుకోవడం అతనికి నేర్పింది నేను. ఆ విద్యనే ఇప్పుడు రోగుల ముఖాల మీద ప్రయోగిస్తున్నాడు. రిటైర్డ్ టీచరు కుముదినిగారి మాస్కు అంచున నురగ రాశాడు. ముక్కు పక్కన బుడగ లేచింది. అక్కడ పట్టీ సర్దాడు. ఇక చూసుకోండి, సభంతా చప్పట్లు. నేను వెనక వరసలో ఉన్నాను. నేను కొట్టలేదు.

3. వైద్యం స్వయంగా చూసుకోవడం అతనికే చేతనవునా అని, నేనూ నా వైద్యం నా చేతిలోకి తీసుకున్నాను. కొలిమికి గాలి పెంచితే ఇనుము బాగా దిగుతుందని మా ప్లాంటులో తెలియనివాడు లేడు. ఆ లెక్కన మిషను ప్రెషరు పై అంచుకు పెట్టి పడుకున్నాను. గాలి ఊపిరితిత్తులకు పోవడం మాని పొట్టకు పోయింది. మర్నాడు మా వియ్యపురాలు అప్పలనర్సమ్మగారి ఇంట సత్యనారాయణ వ్రతంలో కథ సాంతం త్రేన్చుతూనే ఉన్నాను. పంతులుగారు పాపం మధ్యలో కథ ఆపి నాకేసి చూశారు. దీనికి కూడా పరోక్షంగా జగ్గయ్యే బాధ్యుడని నా మనవి.

4. ఇక అసలు సంగతి. నా భార్య సింహాచలమ్మ నాకు చెప్పకుండా అతన్ని ఇంటికి పిలిచింది.

"గురూగారూ, ప్రెషరు డాక్టరుగారిది, లీకు మనది. ఆయన రాసిందాన్ని మనం ముట్టుకోకూడదండి. ఏటైనా తేడా ఉంటే లెక్క చూపెట్టి అడగాల," అని జగ్గయ్య పాత నంబరే నాచేత పెట్టించాడు. తర్వాత నురగ రాసి, నా మాస్కు నా ముఖానికి పెద్దదని తేల్చాడు.

"మా ఆయన ముఖం అంత చిన్నదని నాకిన్నాళ్లూ తెల్దన్నయ్యా!" అని సింహాచలమ్మ పడీ పడీ నవ్వింది. నా మాటలకు ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో. పైగా అతన్ని భోజనానికి ఆపి చేపల పులుసు వడ్డించింది. నాకు వేసిన ముక్క కంటే అతనికి వేసిన ముక్క పెద్దది. అయ్యా, నాకు కుళ్లుగా ఉంది. ఆఫీసు భాషలో దీనికి మాట వెతికాను, దొరకలేదు.

చిన్న మాస్కు వచ్చాక నాకు నిద్ర బాగా పట్టుచున్నది. ఇది ఫిర్యాదు కాదు గాని, దాచడం ధర్మం కాదు.

కావున హాలు తాళం జగ్గయ్యకు ఇవ్వకుండునట్లు ఉత్తరువు చేయవలెనని, అది వీలుకానిచో అతని గురువునైన నన్ను సదరు సభకు అధ్యక్షునిగా నియమించవలెనని కోరుచున్నాను. ఈ కడుపుమంట విన్నపమును తమరు పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నరసింగరావు

తా.క. అర్జీ కవరులో పెట్టాక ఒకటి జరిగింది. మధ్యాహ్నం భోజనమయ్యాక సింహాచలమ్మ కునుకు తీసింది. నేను ఎదురుగా కూర్చుని పేపరు చదువుతున్నాను. గురక మొదలైంది, ఆగింది. ఆగింది గురకే అనుకున్నాను, చూస్తే ఊపిరే ఆగింది. భుజం పట్టి కుదిపితే గాని రాలేదు.

"ఏటండీ, నిద్ర పాడు చేసినారు! నాకేటి రోగం?" అని అటు తిరిగి పడుకుంది.

ఇన్నేళ్లూ నా గురక హోరులో ఆమె ఊపిరి ఎవరు విన్నారు? నాకు భయం వేసింది. ఇంకా వేస్తూనే ఉంది. పరీక్ష చేయించుకోమంటే నా మాట వినదు. జగ్గయ్యన్నయ్య చెబితే వింటుంది. అందుచేత సాయంత్రం క్యాంప్ 2 వెళ్లి అతని గుమ్మం ముందు నిలబడ్డాను.

"లోపలికి రండి గురూగారూ, ఏటయింది?" అన్నాడు. చెప్పాను. "మీరేటీ కంగారు పడకండి. ఆదివారం సభకి ఆవిడ్ని తీసుకొచ్చియ్యండి, నాను సెప్తాను. సోమవారం డాక్టరుగారి దగ్గరికి ముగ్గురం కలిసి ఎల్దాం," అన్నాడు.

కావున తమరు ఈ అర్జీపై ఇప్పుడే ఏ చర్యా తీసుకోవద్దు. హాలు తాళం అతని దగ్గరే ఉండనివ్వండి. సింహాచలమ్మకు పరీక్ష జరిగి, మాస్కు కుదిరి, ఆమె ఊపిరి ఎక్కడా ఆగడం లేదని నేను చెవి పెట్టి విన్న తర్వాత తమకు కబురు చేస్తాను. ఆ మర్నాడు జగ్గయ్యను ఆపించవచ్చును.