అమావాస్య నాడు నెక్కొండకు

వరంగల్,
12 నవంబర్ 2024

ప్రియమైన శకుంతల గారికి,

నేను యమున భర్త శ్యాంసుందర్‌ను. మన మధ్య ఉత్తరాలు ఎప్పుడూ లేవు. ఆ పని యమునది.

అక్టోబర్ ఒకటిన యమున పోయింది. పొద్దున పాలు పొయ్యి మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. గుండె ఆగిందన్నారు. దవాఖాన దాకా కూడా పోలేదు. మీ నంబరు నా దగ్గర లేదు. ఆమె ఫోనుకు తాళం ఉంది, తెరవడం నాకు తెలియదు. అందుకే ఇంత ఆలస్యం. క్షమించండి.

మీ సెప్టెంబర్ ఉత్తరం దినాలు అయిన వారానికి వచ్చింది. విప్పకూడదనుకుంటూనే విప్పాను. మీవారు హరికృష్ణ గారితో, అమ్మాయి అక్షరతో కలిసి రైలెక్కి ఏదో సరస్సు చూసి వచ్చారని రాశారు. చివర ఒక మాట ఉంది. 'పోయిన అమావాస్యకు బావగారు నిన్ను ఎటు తీసుకుపోయారు?' అని.

ఆమె చీరల కింద స్టీలు డబ్బాలో రైలు టికెట్లు దొరికాయి. అన్నీ వరంగల్ నుంచి నెక్కొండకు, ఒక్కరికే. కొన్నింటి మీద సిరా వెలిసిపోయింది. కనబడిన తేదీలను పంచాంగంతో సరిచూశాను. అన్నీ అమావాస్యలే.

ఆ ప్రయాణాల గురించి యమున మీకేం రాసేదో తెలుసుకోవాలని ఉంది. వీలైతే రాయండి. పిల్లలు లేని ఇల్లు. అడగడానికి ఇక్కడ ఎవరూ లేరు.

ఇట్లు,
శ్యాంసుందర్


ఊల్మ్, జర్మనీ
1 డిసెంబర్ 2024

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. ఆ తర్వాత ఏం వండానో, ఎవరు తిన్నారో గుర్తు లేదు. రెండు నెలలుగా యమున ఫోనెత్తకపోతే అలిగిందనుకున్నాను. అలగడం దానికి కొత్త కాదు. హనుమకొండ కాలేజీలో నాకు డెబ్బై రెండు మార్కులొస్తే తనకు డెబ్బై నాలుగని వారం రోజులు నమ్మించింది. వచ్చినవి అరవై ఎనిమిది.

అడిగారు కాబట్టి చెబుతాను. పదకొండేళ్ల కింద నేనిక్కడికి వచ్చిన కొత్తలో ఒక ఒప్పందం చేసుకున్నాం. నెలకోసారి ఎక్కడికైనా చిన్న రైలు ప్రయాణం, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరేలా. దాని గురించి చేత్తో రాసుకోవాలి. ఫోనులో బియ్యం ధర, మోకాళ్ల నొప్పి. ఉత్తరంలో ప్రయాణం ఒక్కటే.

మాకు ఆదివారం. మీ బట్టల దుకాణం బందయ్యేది అమావాస్య ఒక్కరోజే కాబట్టి మీకు అమావాస్య. లోకమంతా ఇల్లు కదలని రోజున మీరిద్దరూ బయలుదేరడం నాకు భలే నచ్చేది. 'అమావాస్య గిమావాస్య జాన్తా నై, నడువు' అన్నారట కదా మొదటిసారి. నెక్కొండ ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చొని జామకాయ కోసి, ఉప్పూ కారం అద్ది ఇచ్చేవారట. ఒకసారి కారం ఎక్కువై దాని కళ్లలో నీళ్లొస్తే మీ కండువాతో తుడిచారట.

నిజం చెప్పనా? అది చదివిన రోజు నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అంత కుళ్లుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది. మీకు ఆ రోజులైనా ఉన్నాయి. వాటిని తలచుకొని ధైర్యంగా ఉండండి.

మీ ఇంటి ఆడపడుచులాంటి
శకుంతల


వరంగల్,
22 డిసెంబర్ 2024

శకుంతల గారికి,

జామకాయ కోసి ఇచ్చింది నేను కాదు.

నేను కండువా వేసుకోను. అమావాస్య నాడు బండి ఎక్కలేదు, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ. పెళ్లైన కొత్తలో ఒకసారి యమున అడిగింది. 'అమావాస్య నాడు పొలిమేర దాటుతరా ఎవరన్నా?' అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. బందు రోజున నేను షట్టర్ సగం దించుకొని సాయంత్రం దాకా స్టాకు సర్దుకునేవాణ్ణి. ఆమె ఇంట్లో ఉందనుకునేవాణ్ణి.

టికెట్ ఒక్కరికే ఉంది. రెండోవాడు తన టికెట్ తాను కొనుక్కొని ఉంటాడు.

మా పైవాటాలో రాజేశ్వర్ రావు అని రిటైరైన లెక్చరర్ ఉంటాడు. కండువా వేసుకుంటాడు. నెక్కొండ దగ్గర ఆయనకు పొలం ఉంది. మీ ఉత్తరం వచ్చిన మర్నాడే ఆయన పొద్దున్నే స్టేషన్‌కు పోతుంటే వెనకే పోయాను. పోయి, టికెట్ల కిటికీ దగ్గర నిలబెట్టి, జామకాయ కోయడం వస్తుందా అని అడిగాను. ఆయన నా ముఖం చూసి, 'ఏమైంది శ్యామన్నా? షుగరున్నోన్ని, నాకెందుకు జామకాయ?' అన్నాడు. అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాను. అప్పటి నుంచి మెట్ల మీద ఎదురైనా తల తిప్పుకుంటున్నాను. ఆయన మాత్రం రోజూ తలుపు దగ్గర ఆగి, 'తిన్నవా?' అని అడిగి పోతున్నాడు. ఆ మంచితనం చూస్తే ఒళ్లు మండుతోంది.

ఇరవై ఆరేళ్లు ఒక ఇంట్లో ఉన్నాం. ఆమె కళ్లలో నీళ్లొచ్చిన సంగతి నేను మీ ఉత్తరంలో చదువుకోవాల్సి వచ్చింది. మీ మీద కూడా కోపంగా ఉంది. పదకొండేళ్లుగా నాకు రావలసిన మాటలు మీకు వచ్చాయి.

అతను ఎవరో మీకు తెలిసి ఉంటుంది. ఆమె ఉత్తరాలు పంపండి.

శ్యాంసుందర్


ఊల్మ్,
12 జనవరి 2025

ప్రియమైన బావగారికి,

మూడు రోజులు మీ ఉత్తరం డ్రాయరులో దాచి తిరిగాను. దాని ఉత్తరాలు పంపను. అవి నావి. మీరు కోపగించుకున్నా సరే. ఒక్కదాన్ని మాత్రం చూసి రాస్తున్నాను. పోయిన ఏడు జనవరి 11 నాటిది.

'ఈసారి బండి ఖాళీగానే ఉంది. కిటికీ దగ్గర ఆయనే కూర్చున్నాడు, నాకియ్యడు. ఎదురుగా ఒక పెద్దమనిషి భుజం మీద తువ్వాల. ఈయన ఊరుకోవచ్చు కదా. దాని కొస రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి, "సిరిసిల్లది. ఉతికిన కొద్దీ మెత్తబడతది" అన్నాడు. ఆ పెద్దమనిషి, "తువ్వాల చూస్తానవా, జేబు చూస్తానవా?" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. ఈయనకు కోపమొచ్చి కళ్లు మూసుకున్నాడు. చింతలపల్లి రాకముందే గురక. అందరూ నన్నే చూస్తుంటే సిగ్గేసింది, శకుంతలా. అయినా లేపలేదు. రోజంతా నిలబడే మనిషి. నా భుజం మీద తల వాల్చాడు. నెక్కొండ వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను. ఇప్పటికీ నొప్పిగానే ఉంది.'

దాని పక్కన ఎవరు కూర్చున్నారో నేను చూడలేదు. మీరే చదివి చెప్పండి.

నా సంగతి మాత్రం నాకు తెలుసు. హరికృష్ణ ఏ రోజూ నాతో రైలెక్కలేదు. ఆదివారం ఆయన మధ్యాహ్నం దాకా పడుకుంటాడు, లేచి లాప్‌టాప్ తెరుస్తాడు. అక్షరకు తన స్నేహితులున్నారు. మొదట్లో ఒక్కదాన్నే పోయి, ఒక్కదాన్నే పోయానని రాయడానికి మనసొప్పక, 'ఆయన తీసుకుపోయారు' అని రాశాను. పై నెల యమున నుంచి జవాబు వచ్చింది. 'మా ఆయన కూడా తీసుకుపోయాడు' అని. సరస్సు దగ్గర హరి నాకు కోటు కప్పాడని నేను రాస్తే, కండువాతో కళ్లు తుడిచాడని అది రాసింది. డెబ్బై రెండుకు డెబ్బై నాలుగు.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

శకుంతల


వరంగల్,
28 ఫిబ్రవరి 2025

ప్రియమైన శకుంతలకు,

బట్ట కనబడితే వేళ్లతో నలపడం నా రోగం. పెళ్లిచూపుల్లో యమున చీర కొంగు పట్టుకొని నూలు లెక్క చెప్పానని చచ్చేదాకా దెప్పింది. పోయిన ఏడు జనవరి 11న నేను దుకాణంలో ధోవతులు సర్దుతున్నాను. అదే రోజు నన్ను బండిలో కూర్చోబెట్టి పెద్దమనిషితో తిట్టించింది.

నిన్న అమావాస్య. పొద్దున పుష్‌పుల్ బండికి నెక్కొండ పోయాను. ప్లాట్‌ఫారం చివర పూలమ్మ అని ఒకామె జామకాయలు అమ్ముతోంది. ఫోనులో యమున ఫొటో చూపించాను. గుర్తుపట్టింది.

'ఈ అమ్మనా? ఒక్కతే వచ్చేది. ఆ బెంచి మీద కూసోని కాయితం రాసేది. రెండు కాయలు కొనేది. ఒకటి గీడ తినేది, ఒకటి సంచిల పెట్టుకునేది. ఎవలికమ్మా అంటే, మా ఆయనకు, దుకాణంల ఉన్నడు అనేది. మంచిగున్నదా అమ్మ?'

పోయిందని చెప్పాను. ఆమె నాకిచ్చిన కాయలకు పైసలు తీసుకోలేదు.

అమావాస్య సాయంత్రం దుకాణం నుంచి వచ్చేసరికి పళ్లెంలో జామకాయ ముక్కలు ఉండేవి, ఉప్పూ కారం అద్ది. పేపరు చదువుతూ తినేవాణ్ణి. ఎక్కడివని ఒక్కసారీ అడగలేదు.

రాజేశ్వర్ రావుకు అంతా చెప్పాను. 'నన్ను అనుమానించినవా శ్యామన్నా? ఈ వయసుల నాకింత ఇజ్జత్ ఎవ్వరియ్యలే' అని నవ్వాడు. కాసేపటికి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. యమున తన ఉత్తరాల్లోకి ఆ కండువా ఆయన దగ్గర అరువు తెచ్చుకున్నట్టుంది.

రైల్లోని ఆ మనిషి మీద నాకు అసూయ పోలేదు. పోతుందనుకోను. నా వేళ్లు, నా కోపం, నా గురక అన్నీ తీసుకున్నాడు. ఆమె భుజం మాత్రం ఆయనకు దొరికింది.

ఉత్తరాలు మీ దగ్గరే ఉండనివ్వండి. నా ఈ ఉత్తరం మాత్రం డ్రాయరులో దాచకండి. ఆదివారం హరికృష్ణ గారు లేచి కాఫీ తాగే చోట పెట్టండి.

తిరుగు బండి కూడా ఖాళీగానే ఉంది. కిటికీ సీటు దొరికింది. ఇటు జరిగి కూర్చున్నాను. వరంగల్ వచ్చేదాకా అది ఆమెకే ఉంచాను.

మీ బావ,
శ్యాంసుందర్