టీ గిన్నెలో పట్టిన జోడు

షెంగ్‌జ,
షువాన్‌టోంగ్ ఏలుబడి మొదటి సంవత్సరం,
ఎనిమిదో నెల, మూడో రోజు.

పూజ్యురాలైన వెన్‌షియు అక్కకు,

చెల్లెలు సుయే చేతులు జోడించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, బావగారు, మీ అత్తగారు, పెళ్లికొడుకు జీహెంగ్, చిన్నది మియాన్ అందరూ చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. పూజ్యురాలు అన్నానని పడీపడీ నవ్వకు. ఒకే దుప్పట్లో పడుకుని, అక్కచెల్లెళ్లమని ఒట్టు పెట్టుకున్నా, ఇప్పుడు నువ్వు మగపెళ్లివారివి మరి! పన్నెండు రోజులు జవాబు రాయనందుకు, ఆడపిల్ల తల్లికి అప్పుడే ఇంత టెక్కా అని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, నాకు తగిలిందిలే.

పెళ్లిళ్ల పేరమ్మ మా అమ్మాయి రుయ్‌యున్‌వని తెచ్చి చూపించిన ఎర్ర పట్టు జోళ్లు మీ ఇంటిల్లిపాదికీ నచ్చాయని రాశావు. మీ అత్తగారు ఒక జోడును టీ గిన్నెలో పెట్టి చూసి, అబ్బ, ఇంకా చోటు మిగిలిందే అని మురిసిపోయారట కదా. ఆ పేరమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు రుయ్‌యున్ మగ్గం దగ్గర కూర్చుని ఉంది. పని మధ్యలో లేవకు తల్లీ, బంగారంలాంటి పిల్లవి అంటూ ఆవిడే బుగ్గలు పుణికి, జోళ్లు సంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఈ నెల ఇరవై నాలుగున మియాన్‌కి పాదాలు పెరగకుండా కట్టడం మొదలుపెడతామని కూడా రాశావు. రుయ్‌యున్‌కి నేను ఏ కషాయం వాడానో, గుడ్డ ఎంత బిగించానో పొల్లుపోకుండా చెప్పమన్నావు. దాని పాదాలు అచ్చం వాళ్ల వదిన పాదాల్లాగే రావాలి అన్నావు. ఆ మాట దగ్గరే నా చేయి ఆగిపోయిందక్కా. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను.

నీకేమైనా గుర్తుందా అసలు? మనకీ ఆరేళ్లే. అదే ఇరవై నాలుగో రోజు. ఎముకలు మెత్తబడతాయని మీ అమ్మ మనిద్దరికీ ఎర్ర చిక్కుడు గింజల ముద్ద పెట్టిన జిగురుబియ్యం ఉండలు తినిపించింది. నువ్వు నా వాటా కూడా లాక్కుని తిన్నావు. మధ్యాహ్నానికి ఆ ఉండలన్నీ కక్కుకున్నావు. నీ కేకలు కాలవ అవతలికి వినిపించాయని తర్వాత అందరూ ఎగతాళి చేసేవాళ్లు. నేను దుప్పటి కొరుక్కుంటూ పడుకున్నాను.

మూడో నెలలో మీ అమ్మ కట్టు విప్పి కడుగుతుంటే నీ ఎడమ కాలి చిటికెన వేలు ఊడి బేసినులో నీళ్లలో పడింది. అప్పటికి రెండు రోజుల కిందటే నీ పాలపన్ను ఊడితే, కొత్తది వస్తుందని మీ నాయనమ్మ కప్పు మీదికి విసిరింది కదా. నువ్వు ఆ వేలును గుట్టుగా గుడ్డలో చుట్టి దాచావు. ఇద్దరం పాక్కుంటూ పెరట్లోకి పోయి దాన్నీ కప్పు మీదికి విసిరాం. ఆ తర్వాత ఎన్నాళ్లో, కట్టు విప్పినప్పుడల్లా కొత్త వేలు మొలిచిందేమోనని వంగి చూసుకునేదానివి. మర్చిపోయానంటే నేను నమ్మను.

ఇక మా సంగతి. పోయిన నెల కాలవ పొంగి ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. మా ఆయన ఊళ్లో లేడు. నా కాళ్లు నీళ్లలో నిలవవు, చతికిలపడ్డాను. అప్పుడు రుయ్‌యున్ నన్ను వీపున వేసుకుని నిచ్చెనెక్కించి, మళ్లీ దిగి పట్టుపురుగుల తట్టలన్నీ ఒక్కతే పైకి చేర్చింది. ఆ పిల్ల లేకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు.

మియాన్‌కి వద్దక్కా. ఈ ఒక్క మాట విను. నాకు తెలుసు నువ్వేమంటావో. నీ కూతురికేమో సోకు, నా కూతురికి నీతులా అంటావు. న్యాయమే. కషాయం మాత్రం రాయలేను. పడవవాడు బయల్దేరుతున్నాడు, ఉంటాను.

నీ చెల్లెలు,
సుయే

తా.క. పడవవాణ్ణి ఆపాను. గొణుక్కుంటున్నాడు, గొణుక్కోనీ.

ఆ జోళ్లు నావి అక్కా. నా పెళ్లినాటివి. రుయ్‌యున్‌కి నేను కట్టింది ఏడు రోజులే. కడుగుదామని ఎనిమిదో రోజు విప్పితే బొటనవేలి పక్క వేలు నల్లబడి ఉంది. నాకు నీ బేసిను గుర్తొచ్చింది. మళ్లీ కట్టలేకపోయాను. పన్నెండేళ్లుగా పొడుగు లంగా కింద దాచాను. అది నన్ను మోసిందని రాసినప్పుడే నీకు అనుమానం వచ్చి ఉండాలి. పెద్ద పాదాల పిల్లని ఎవరడుగుతారని భయపడి నీకే అబద్ధం పంపాను. నీకే! సిగ్గుతో చచ్చిపోతున్నాను. కానీ నా అబద్ధాన్ని చూసి నువ్వు మియాన్ వేళ్లు విరుస్తానంటే నోరు మూసుకుని ఉండలేను.

పెళ్లి వద్దంటే జోళ్లు తిప్పి పంపు, పల్లెత్తు మాట అనను. రుయ్‌యున్‌కి చెప్పే రాస్తున్నాను. రాయమ్మా, ఆ చిన్నపిల్ల ఏం పాపం చేసింది అంది. లోపల పెట్టిన కాగితం దాని పాదమే. నేల మీద నిలబెట్టి బొగ్గుతో చుట్టూ గీశాను. ఇది ఏ టీ గిన్నెలోనూ పట్టదు.

గీస్తుంటే అది, అమ్మా, చక్కిలిగింత, చక్కిలిగింత అని ఒకటే నవ్వు. మన పాదాలు ఎవరైనా ముట్టుకుంటే మనం ఎప్పుడైనా నవ్వామా అక్కా? ఇరవై నాలుగో రోజు రాకముందే, ఒక్కసారి మియాన్ అరికాలు గీరి చూడు.